రోజా బోనూర్ ఎడ్ల కోసం: పారిస్, తోమెరీ ప్రయాణం

అమ్మ బాల్యమంతా ఎడ్ల కొట్టం పక్కనే గడిచింది. అందుకే పారిస్‌లో ఆమెకు మొదట చూపించాలనుకున్నది ఓర్సే మ్యూజియంలోని ‘నివెర్నేలో దుక్కి’. ఫ్రెంచి చిత్రకారిణి రోజా బోనూర్ 1849లో వేసిన చిత్రం. నివెర్నే అంటే మధ్య ఫ్రాన్సులోని ఒక ప్రాంతం. రెండున్నర మీటర్లకు పైగా వెడల్పు, ఒక్కో నాగలికి ఆరేసి ఎడ్లు, ముందంతా అప్పుడే తిరగబడ్డ చాళ్ళు. మనుషులు చిన్నగా కనిపిస్తారు, మన వైపు చూసేది ఎద్దు. అమ్మ దాని ముందు చాలాసేపు నిలబడి, “ఇది దూరం నుంచి చూసి వేసింది కాదు తల్లీ. ఈమె ఎడ్ల పక్కన నడిచింది” అంది.

నిజంగానే నడిచింది. 1822లో బోర్డోలో పుట్టిన రోజాకు గురువు తండ్రే. పారిస్‌లోని ప్రభుత్వ చిత్రకళాశాల ఆడవాళ్ళకు తలుపు తెరిచింది 1897లో, ఆమె జీవితం చివరికొచ్చాక. జంతువుల ఎముక, కండ తెలుసుకోవడానికి ఆమె కబేళాలకు వెళ్ళింది. గుర్రాల సంతలో బొమ్మలు గీసుకోవడానికి మగవాళ్ళ దుస్తులు వేసుకుంది. ఆ రోజుల్లో ఆడవాళ్ళు ప్యాంటు తొడుక్కోవాలంటే పోలీసుల అనుమతి కావాలి. ఆరు నెలల గడువుతో 1857లో ఆమెకిచ్చిన పత్రం ఇప్పటికీ ఉంది. ఆ సంతలో పుట్టిన ‘గుర్రాల సంత’ను మాత్రం పారిస్‌లో వెతకవద్దు. ఐదు మీటర్ల ఆ మహాచిత్రం 1887 నుంచి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

ఆమె మనిషిగా తెలియాలంటే ఆమె ఇల్లున్న తోమెరీ అనే ఊరికి వెళ్ళాలి. పారిస్‌లోని గార్ ద లియోన్ స్టేషన్ నుంచి ఆర్ లైను రైలులో గంట లోపే చేరతాం. అయితే ఆ లైనులోని రైళ్ళన్నీ అక్కడ ఆగవు, ఎక్కేముందు బోర్డు చూసుకోవాలి. స్టేషన్ ఫోంతెన్‌బ్లో అడవిలోనే ఉంది. అక్కడి నుంచి బీ అనే పల్లెలోని ఆమె భవంతికి మేం నడిచే వెళ్ళాం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు ఆ నడక ఎక్కువే. అమ్మ రెండుసార్లు ఆగి కూర్చుంది.

ఈ ఇంటిని రోజా 1859లో తన బొమ్మలు అమ్మిన డబ్బుతో కొనుక్కుంది. బాల్య స్నేహితురాలు నతాలీ మికాతో కలిసి ఇక్కడే ఉంది. గొర్రెలు, గుర్రాలు, జింకలు, చివరికి ఫాత్మా అనే ఆడసింహం కూడా ఈ ఆవరణలో పెరిగాయి. 1865లో ఫ్రాన్సు మహారాణి యూజెనీ స్వయంగా ఇక్కడికి వచ్చి, ఆ దేశపు అత్యున్నత పురస్కారమైన లీజియన్ ఆఫ్ ఆనర్ పతకం ఇచ్చింది. ఆ గౌరవం పొందిన తొలి చిత్రకారిణి రోజాయే. నతాలీ పోయాక, 1898లో రోజా రూపచిత్రం వేయడానికి వచ్చిన అమెరికన్ చిత్రకారిణి అన్నా క్లంప్కే ఇక్కడే ఉండిపోయింది. మరుసటి ఏడాది రోజా మరణించినప్పుడు ఆస్తంతా ఆమెకే దక్కింది. రోజా బొమ్మలు వేసుకున్న చిత్రశాల ఇంతగా మిగిలిందంటే అన్నా చలవే.

ఆ గదిలో రంగుల పెట్టె, పని చొక్కా, బూట్లు, గోడల మీద జంతువుల తలలు. యజమానురాలు తోటలోకి వెళ్ళినట్టుంది. 2017లో ఒక మహిళ తన కుమార్తెలతో కలిసి ఈ భవంతిని కొని సందర్శకులకు తెరిచింది. అటకల మీద బొమ్మలు, ఫొటోలు ఇంకా బయటపడుతూనే ఉన్నాయి. చిత్రశాలను గైడుతోనే చూడాలి కనుక ముందే టికెట్ తీసుకోవడం మంచిది. మాకు దొరికిన గైడు ఫ్రెంచిలోనే చెప్పింది, కానీ నేను ఇంగ్లీషులో అడిగిన ప్రతి ప్రశ్నకూ ఓపికగా బదులిచ్చింది. టీ గది చాలా బాగుంది. అమ్మకు నచ్చిన మొదటి ఫ్రెంచి తిండి అక్కడి ఆపిల్ కేకే.

బస విషయంలో నేను పొరపాటు చేశాను. భవంతిలోనే అతిథి గదులు ఉన్నా, ధర తక్కువని పక్క ఊరు మోరేలో ఒక ఇంటి గది తీసుకున్నాను. తాళంచెవి ఉన్న పెట్టెను తెరిచే అంకెలు పంపుతామన్నవాళ్ళు రెండు గంటలు ఫోను ఎత్తలేదు. డెబ్బై ఏళ్ళ అమ్మ లువాంగ్ నది ఒడ్డున చలిలో బెంచీ మీద కూర్చుని ఉండడం చూసి నాకు చాలా బాధ కలిగింది. ఊరు మాత్రం చక్కనిది. సిస్లే అనే చిత్రకారుడు వేసిన వంతెన, చర్చి అలాగే ఉన్నాయి. కానీ పెద్దవాళ్ళతో వెళ్ళేవారు నాలుగు డబ్బులు ఎక్కువైనా బీలోనే ఉండండి.

పారిస్‌లోని పెర్ లషేజ్ శ్మశానవాటికలో రోజా, నతాలీ, అన్నా ఒకే సమాధిలో ఉన్నారు. సమయం చాలక మేం వెళ్ళలేదు. ఆ కొద్ది సమయాన్నీ అమ్మ అడిగిన దానికి ఇచ్చాను: ఆ ఎడ్లను మళ్ళీ చూడాలంది. గురువారాల్లో ఓర్సే రాత్రి 9.45 దాకా తెరిచి ఉంటుంది. పగటి రద్దీ తగ్గి, ఆ చిత్రం ముందు మేమిద్దరమే మిగిలాం. ఈసారి అమ్మ ఎడ్లను చూడలేదు. వంగి, కింద తిరగబడ్డ చాళ్ళను చూసింది.

“దున్ని గంట కూడా కాలేదు. మన్ను ఇంకా పచ్చిగానే ఉంది” అంది.