ఆర్‌ఎక్స్ 100 మిక్చర్ స్క్రూ: ఏళ్ల వాడకం తర్వాత నా మాట

యమహా ఆర్‌ఎక్స్ 100లో కార్బురేటర్ మీద ఉండే, పెట్రోలు, గాలి కలిసే పాళ్లు సరిచేసే మిక్చర్ స్క్రూకి అది చేసే పనికి మించిన పేరొచ్చింది. మైలేజీ తగ్గినా, పికప్ పోయినా, పొద్దున్నే స్టార్ట్ కాకపోయినా మెకానిక్ చెయ్యి ముందు వెళ్లేది దాని మీదికే. ఈ 98 సీసీ టూ స్ట్రోక్ చాలా ఏళ్లుగా నా రోజువారీ బండి. నేను చూసినంతలో ఆ స్క్రూ సరిచేసేది ఐడ్లింగ్‌నీ, యాక్సిలరేటర్ కొద్దిగా తిప్పినప్పటి నడకనీ మాత్రమే. యాక్సిలరేటర్ సగం దాటాక పెత్తనమంతా పెట్రోలు దారిని అదుపు చేసే సూది, అంటే నీడిల్‌దీ, పెట్రోలు వచ్చే సన్న రంధ్రం ఉన్న మెయిన్ జెట్‌దీ.

ఆ కొంచెం పనీ చక్కగా చేస్తుందనుకోండి. సిగ్నల్ దగ్గర బండి ఆగిపోకుండా, క్లచ్ వదలగానే తడబడకుండా కదులుతుందంటే దాని చలవే. సెట్ చేయడం కూడా కష్టం కాదు. నాలుగైదు కిలోమీటర్లు తిప్పి ఇంజిన్ వేడెక్కనిచ్చి, చోక్ తీసేసి, ఐడ్లింగ్ కాస్త పెంచుకోవాలి. స్క్రూని మెల్లగా చివరిదాకా బిగించాలి. గట్టిగా బిగిస్తే మొన పాడవుతుంది, లోపలి సీటూ పోతుంది. అక్కడి నుంచి ఒకటిన్నర చుట్లు వదిలి, అటూ ఇటూ పావు చుట్టు చొప్పున తిప్పుతూ వినాలి. ఇంజిన్ ఎక్కడ అన్నిటికంటే చురుగ్గా, నిలకడగా తిరుగుతుందో అక్కడ ఆపేసి ఐడ్లింగ్ మళ్లీ తగ్గించుకోవాలి. తిప్పిన ప్రతిసారీ కొన్ని సెకన్లు ఆగకపోతే తేడా చెవికి అందదు.

ఈ బండిలో స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటుంది, గాలిని అదుపు చేస్తుంది. బిగిస్తే గాలి తగ్గి మిక్చర్ రిచ్ అవుతుంది, అంటే అందులో పెట్రోలు వాటా పెరుగుతుంది. స్క్రూ ఇంజిన్ వైపు ఉండే బళ్లలో దీనికి పూర్తిగా రివర్స్, బిగిస్తే పెట్రోలే తగ్గుతుంది. వాటికి అలవాటు పడిన మెకానిక్‌కి బండి ఇచ్చినప్పుడు నేను పక్కనే నిలబడతాను, ఆయన ఏమనుకున్నా సరే.

మే నెల ఎండలో గాలి పలచబడి మిక్చర్ రిచ్ అవుతుంది కాబట్టి కాస్త వదులుతాను. డిసెంబరు చలికి మళ్లీ బిగిస్తాను.

20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు వచ్చాక మాత్రం స్క్రూతో పని జరగలేదు. ఇథనాల్ తనతోపాటే ఆక్సిజన్ తెస్తుంది. కిలో మామూలు పెట్రోలు కాలడానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి, 20 శాతం ఇథనాల్ కలిస్తే అది 13.5 దగ్గరికి దిగుతుంది. అంటే అంతే గాలికి పెట్రోలు ఇంకొంచెం ఎక్కువ పడాలి. సెన్సర్ ఉన్న ఇంజెక్షన్ బండి తనే సర్దుకుంటుంది, కార్బురేటర్ బండిలో జెట్ రంధ్రం ఎలా పెరుగుతుంది? సగం యాక్సిలరేటర్‌లో బండి వెనక్కి లాగినట్టు ఉండేది, ప్లగ్గు తెల్లగా కనబడేది, పెట్రోలు తక్కువ పడుతోందనడానికి అది గుర్తు. టూ స్ట్రోక్‌లో లీన్ మిక్చర్ (పెట్రోలు తక్కువైన మిక్చర్) అంటే పిస్టన్ వేడెక్కి సిలిండర్‌లో పట్టేసి సీజయ్యే ప్రమాదం, అసలు టెన్షన్ అదీ. నీడిల్ క్లిప్ ఒక గాడి కిందికి మార్చి నీడిల్ పైకి లేచేలా చేశాను, మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది వేశాను. ప్లగ్గు మళ్లీ గోధుమరంగుకి వచ్చింది. మైలేజీ కొద్దిగా తగ్గింది, ఇంజిన్ బాగుంటే చాలని ఊరుకున్నాను.

స్క్రూ మీద నాకున్న ఫిర్యాదు దాని స్ప్రింగు గురించే. పాతబడితే పట్టు పోయి, బండి వణుకుడికి స్క్రూ తనంతట తనే తిరిగిపోతుంది. కొత్త స్ప్రింగు వేస్తే తీరిపోతుంది.

ఎంత తిప్పినా ఐడ్లింగ్ నిలవడం లేదంటే స్క్రూని వదిలేయండి. ఒకసారి ఒక షాపులో ట్యూనింగ్ పేరుతో రెండుసార్లు డబ్బు తీసుకున్నారు. తీరా చూస్తే కార్బురేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉండే రబ్బరు చీలి, అందులోంచి గాలి లాగుతోంది. యాక్సిలరేటర్ వదిలాక ఇంజిన్ వేగం వెంటనే పడిపోకుండా వేలాడుతూ దిగుతోందంటే ముందు ఆ రబ్బరుని వంచి చూడండి. అది బాగుంటే ఐడ్లింగ్‌కి పెట్రోలు ఇచ్చే పైలట్ జెట్ విప్పి కార్బురేటర్ క్లీనర్ కొట్టి గాలితో ఊదండి. తీగ మాత్రం పెట్టకండి, రంధ్రం పెద్దదైతే ఆ జెట్ ఇక పనికిరాదు.