విదేశీ నిధుల ప్రాజెక్టా, సర్కారు బడ్జెట్టా: హెచ్‌ఐవీ సేవలకు ఏది మేలు?

గుంటూరు జీజీహెచ్‌లో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రానికి మందులు కొనేది జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, నాకో. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం 2021–26 దశకు కేటాయించిన 15,471.94 కోట్లూ కేంద్రానివే. అందుకే 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని స్తంభింపజేసినప్పుడు ఆఫ్రికాలో క్లినిక్‌లు మూతపడ్డాయి గానీ, ఇక్కడ రోజువారీ టీఎల్‌డీ మాత్రకు (మూడు హెచ్‌ఐవీ మందులు కలిపిన ఒకే మాత్ర) ఆ దెబ్బ నేరుగా తగలదు.

అలాగని సర్కారు పద్ధతి లోపం లేనిదేం కాదు. టెండరు ఆలస్యమైతే దేశమంతా ఒకేసారి ఇబ్బంది పడుతుంది. 2022లో జరిగింది అదే: చాలాచోట్ల నెల మందుకు బదులు కొద్దిరోజులదే చేతిలో పెట్టారు. మాత్రలు మధ్యలో మానితే వైరస్ మందుకు లొంగకుండా పోవచ్చు.

విదేశీ ప్రాజెక్టుల బలం వేరు. లారీ డ్రైవర్లు, సెక్స్ వర్కర్ల దగ్గరికి తోటివారినే పంపి పరీక్షకు తీసుకురావడంలో వాటి చురుకు సర్కారు ఫైలుకు రాదు. 2003లో గేట్స్ ఫౌండేషన్ ఆంధ్రప్రదేశ్‌లోనూ మొదలుపెట్టిన ‘ఆవాహన్’ ఈ పనే చేసింది. తర్వాత విడతలవారీగా ప్రభుత్వానికి అప్పగించింది. ముందే ఖర్చుల్ని సర్కారు లెక్కకు కుదించింది. ఈ కుదింపు లేకపోతే జీతాలు ఒక్కసారిగా పడిపోయి, అనుభవమున్న క్షేత్రస్థాయి సిబ్బందే ముందు వెళ్లిపోతారు.

మా ఓటు: మందులు, రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్షలు సర్కారు బడ్జెట్‌లోనే ఉండాలి, కనీసం మూడు నెలల నిల్వతో. జనంలోకి వెళ్లే పని సంస్థలకు ఇవ్వొచ్చు, అప్పగింత తేదీ మొదటి ఒప్పందంలోనే రాసుకుంటే.