పీటీఎక్స్: తెలుగు రాకపోయినా తెలుగు పదసూచికకు పనికొచ్చే పరికరం

పుస్తకం చివర పదసూచిక కావాలని తెలుగు ప్రచురణకర్తలు అడగడమే అరుదు. అడిగితే మాత్రం పుస్తకం అచ్చుకు వెళ్లబోయే వారంలో అడుగుతారు. చెరువుల మీద పలువురు రాసిన వ్యాసాల సంపుటి ఒకటి నా చేతికి అలాగే వచ్చింది. దానికి నేను వాడింది పీటీఎక్స్ (ptx). దీన్ని కొనక్కర్లేదు. చిన్న చిన్న టెర్మినల్ ఆదేశాల కట్ట అయిన గ్నూ కోర్‌యుటిల్స్‌లో భాగం కాబట్టి మామూలు లినక్స్ కంప్యూటర్‌లో ముందే ఉంటుంది. బొత్తాలూ మెనూలూ ఉండవు, టెర్మినల్‌లో ఆదేశం టైపు చేయాలి.

పాఠంలోని ప్రతి పదాన్నీ పైకి తీసి, వరుసలో పేర్చి, దానికి ముందూ వెనుకా ఉన్న మాటలతో సహా చూపించడం దీని పని. ఐబీఎంలో హాన్స్ పీటర్ లూన్ 1950ల చివర ప్రచారంలోకి తెచ్చిన క్విక్ (KWIC, అంటే కీలక పదాన్ని సందర్భంతో సహా చూపడం) పద్ధతి ఇదే. మేక్‌ఇండెక్స్ (పుటల కూర్పుకు వాడే టెక్ వ్యవస్థలో పదసూచిక చేసే ప్రోగ్రాం) వాడినవారు తేడా గమనించాలి. అది మనం గుర్తు పెట్టిన పదాలను మాత్రమే సర్ది పుట సంఖ్యలు కలుపుతుంది. పీటీఎక్స్ ఉన్నవన్నీ ముందు కుమ్మరిస్తుంది, ఏరుకోవడం మన వంతు.

యూనికోడ్ తెలుగు ఫైలును నేరుగా ఇస్తే నా దగ్గరున్న రూపంలో ఏమీ రాదు, ఖాళీ. దాని దృష్టిలో ఒక బైటు అంటే ఒక అక్షరం. తెలుగులో ఒక్కో సంకేతానికి మూడు బైట్లు పడతాయి, వాటిలో ఒక్కటీ దానికి అక్షరంలా కనిపించదు. 'బీ' ఆప్షన్‌తో దీన్ని దాటవచ్చు. పదాలను విడదీసే గుర్తులను, అంటే ఖాళీ, ట్యాబ్, కొత్త వరుస, కామా, చుక్క వంటివాటిని, ఒక ఫైలులో పెట్టి ఇస్తే మిగిలినదంతా పదమేనని ఒప్పుకుంటుంది.

ఆ ఫైలులో వంపు తిరిగిన కొటేషన్ గుర్తులు మాత్రం పెట్టకండి. అవి కూడా మూడేసి బైట్లే. ఎడమ జంట గుర్తులోని చివరి బైటు 'జ'లో ఉంది, మధ్య బైటు గుడిదీర్ఘంలో ఉంది. వాటిని విడదీసే గుర్తులుగా ప్రకటిస్తే జీతం, జీలకర్ర, జీవనది అన్నీ ముక్కలవుతాయి. ముందే పాఠంలో ఒకదాన్ని ఇంకోదానిగా మార్చే సెడ్ ఆదేశం‌తో వాటిని నిటారు గుర్తులుగా మార్చుకోవడమే క్షేమం.

పుట సంఖ్యల కోసం ఒక్కో వాక్యాన్ని ఒక్కో వరుసలో పెట్టి, వరుస మొదట పుట సంఖ్య చేర్చి, చిన్న 'ఆర్' ఆప్షన్ ఇచ్చాను. ఫలితంలో వరుస వెడల్పు మామూలుగా 72. అదీ బైట్ల లెక్కే కాబట్టి తెలుగులో నాలుగు మాటలకే అయిపోతుంది, 300 ఇవ్వండి. అయినా నిలువు వరుసలు పాత పెంకుటింటి చూరులా ఎగుడుదిగుడుగానే ఉంటాయి. వదిలేయాల్సిన మాటల జాబితాను చిన్న 'ఐ' ఆప్షన్‌తో ఇవ్వవచ్చు: ఈ, ఆ, ఒక, అని, కాబట్టి. అందులో 'మరియు'ను కూడా చేర్చాల్సి వచ్చిందంటే సంపాదకుడు నిద్రపోయాడని అర్థం.

అక్షరక్రమం విషయంలో నాకు ఆశ్చర్యమే కలిగింది. బైట్ల వరుస యూనికోడ్ వరుసే కనుక సున్న ఉన్న 'కంచె' ముందు, 'కట్ట' తర్వాత, 'కాలువ' ఆ తర్వాత, 'క్షేత్రం' చివర వచ్చాయి. నిఘంటువు చూసే అలవాటున్న పాఠకుడికి ఇబ్బంది ఉండదు. 'ళ' మాత్రం 'వ' కంటే ముందు వస్తుంది, అది చేత్తో సరిచేసుకోవాలి.

ఈ పరికరం మీద నాకు గౌరవం కలిగింది ఫలితాన్ని చదువుతున్నప్పుడు. మన విభక్తులు పదం చివర చేరతాయి కనుక తూము, తూముకు, తూములో ఒకదాని కింద ఒకటి వచ్చి నిలుస్తాయి. ఒకే చూపులో కలిపేయవచ్చు. ఒక రచయిత 'అలుగు' అన్నదాన్నే ఇంకో రచయిత 'మత్తడి' అన్నారని సందర్భం పక్కనే ఉండడం వల్ల తెలిసింది; వెంటనే ఒకదాని నుంచి ఇంకోదానికి 'చూడుము' పెట్టాను. ఒకచోట అలుగు అంటే చెరువు అలుగు కాదు, పొలుసుల జంతువు. ఉత్త పదాల జాబితా అయితే రెండూ ఒకే పద్దు కింద పడేవి.

పదాలు సమాసంగా కలిసిన చోట మాత్రం దీనికి చేతులెత్తేయడం తప్ప దారి లేదు. 'చెరువుకట్ట'లోని కట్ట 'కట్ట' కింద రాదు. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల మధ్య కంటికి కనిపించని విడదీత గుర్తు ఒకచోట ఉండి ఇంకోచోట లేకపోతే రెండు పద్దులవుతాయి. ఆ గుర్తును ముందే తీసేయండి.

టెక్ రూపంలో ఫలితం ఇచ్చే పెద్ద 'టీ' ఆప్షన్ తెలుగుకు పనికిరాదు; మన బైట్లను గుర్తులు తగిలించిన యూరోపు అక్షరాలనుకుంటుంది. పెద్ద 'ఓ' ఆప్షన్ ఇచ్చే రోఫ్ అనే మరో కూర్పు వ్యవస్థ రూపం మేలు. అందులో ప్రతి భాగమూ కొటేషన్లలో విడిగా ఉంటుంది కనుక స్ప్రెడ్‌షీట్ అయిన లిబ్రెఆఫీస్ క్యాల్క్‌లోకి తెచ్చుకుని అక్కడే అక్కర్లేనివి తీసేశాను.

మాక్‌లో ఇది ముందే ఉండదు. హోమ్‌బ్రూ అనే ప్రోగ్రాంలు దించే పరికరంతో కోర్‌యుటిల్స్ వేసుకుంటే జీపీటీఎక్స్ పేరుతో దొరుకుతుంది. విండోస్ వాడేవారికి లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ ఉంది. పుస్తకం పాత డీటీపీ ఫాంటులో ఉంటే మాత్రం ముందు యూనికోడ్‌లోకి మార్పించుకోండి, ఆ ఖర్చు ప్రచురణకర్తదేనని మొదటిరోజే చెప్పండి.