ఉద్యోగం చేసే తల్లులకి పన్ను రాయితీ అని ఫ్లెక్సీ చూసి లోపలికెళ్ళా

భీమవరంలో ఐటీ రిటర్నులు వేసే ఆఫీసు ఇది, పేరు రాయట్లేదు, తిట్టేదీ ఉంది పొగిడేదీ ఉంది కాబట్టి. బయట ఫ్లెక్సీ మీద "ఉద్యోగం చేసే తల్లులకు ప్రత్యేక పన్ను రాయితీ" అని చంకలో పిల్లాడున్న ఆవిడ బొమ్మతో సహా వేశారండి. నేనేమో రొయ్యల ప్లాంటులో ల్యాబ్ చూసుకుంటా, ఇద్దరు పిల్లలు, పొద్దున్నే రెండు క్యారేజీలు కట్టి షిఫ్టుకి పరిగెత్తే బతుకు, ఆ ముక్క చదివితే ఆశ పుట్టదా మరి.

కౌంటర్లో కుర్రాడు "లేడీసుకి లిమిట్ ఎక్కువుంటది మేడం, మేం చూసుకుంటాం కదా" అన్నాడు. స్కూలు రసీదులిస్తే కిందున్న టోటల్ చూసి 92 వేలు 80సీలో (పొదుపులు, పిల్లల ఫీజు ఆదాయంలోంచి తీసేసే సెక్షన్) వేసేశాడు. తర్వాత గంటన్నర కూర్చోబెట్టారు, సెప్టెంబరు ఉక్కలో, ఉన్న ఒక్క ఫ్యానూ వాళ్ళ వైపే.

లోపల మేడం మాత్రం వేరే లెవెల్ అండి. రసీదు చూడగానే ఎర్ర పెన్ను తీసి బస్సు ఫీజు కొట్టేశారు, పుస్తకాలు కొట్టేశారు, యూనిఫాం కొట్టేశారు, "ట్యూషన్ ఫీజు ఒక్కటే వస్తదమ్మా, అదీ ఇద్దరు పిల్లల వరకే" అని. 92 కాస్తా 62 అయింది. ఆ కుర్రాడి లెక్కతోనే వెళ్ళుంటే రేపు నోటీసు నాకొచ్చేది, వాడికి కాదు.

మరి ఫ్లెక్సీ సంగతేంటండీ అని అడిగేశా. ఆవిడ నవ్వి, అలాంటి రాయితీ ఇప్పుడేదీ లేదన్నారు. ఒకప్పుడు ఆడవాళ్ళకి 5 వేల రిబేటు (పన్నులో తగ్గింపు) ఉండేదట, 2005లో పోయింది. 2011-12లో పన్ను పడని ఆదాయం లిమిట్ మగవాళ్ళకి 1,80,000 అయితే మనకి 1,90,000, ఆ పైయేడు నుంచి అందరికీ 2 లక్షలే. ఆ పది వేల తేడాకి మిగిలేది వెయ్యి రూపాయల పన్ను. అదీ ఆడవాళ్ళందరికీ, తల్లులకని విడిగా ఏనాడూ కాదు. చిన్నదాన్ని చూసే ఆయాకి నెలకి 5 వేలిస్తున్నా, అది కట్టకపోతే నేను డ్యూటీకే వెళ్ళలేను, దానికేమైనా వస్తదా అంటే సున్నా. కంపెనీ పిల్లల చదువు అలవెన్సు ఇస్తే 2024-25కి పాత పద్ధతి లెక్కలో నెలకి పిల్లకి వంద రూపాయలు మినహాయింపట. వందకి ఇక్కడ బొమ్మిడాయిలు కూడా రావండి బాబూ!

తర్వాత కూర్చుని 2024-25కి పాత, కొత్త రెజీమ్‌లు (పన్ను లెక్కేసే పద్ధతులు) రెండిట్లోనూ లెక్క వేశారు. నా జీతం 8 లక్షలు. కొత్త రెజీమ్‌లో స్టాండర్డ్ డిడక్షన్ (జీతగాళ్ళందరికీ తీసేసే మొత్తం) 75 వేలు తీసేస్తే పన్ను 23,400, కంపెనీ అదే కోసేసింది. పాత రెజీమ్‌లో స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలు, అద్దె మీద 60 వేలు (ఏడాది అద్దె లక్ష దాటింది కాబట్టి ఓనరు పాన్ కావాలి, దానికి ఆయన్ని నాలుగు రోజులు బతిమాలా), పీఎఫ్, పిల్లల ఫీజు, పాప సుకన్య ఖాతా కలిపి లక్షన్నర. అయినా పన్ను సున్నా అవ్వాలంటే దిగాల్సిన 5 లక్షలకి దిగలేదు. అప్పుడు ఆవిడ "మీ అమ్మగారికి హెల్త్ పాలసీ ఏమైనా కడుతున్నారా" అని అడిగారు. కడుతున్నా, 26 వేలు, నా ఖాతా నుంచే. అది, మా ముగ్గురి పాలసీ 14 వేలు 80డీలో (హెల్త్ పాలసీల సెక్షన్) పెట్టేసరికి సరిగ్గా 5 లక్షలు, వృత్తి పన్ను 2,400 తీస్తే ఇంకా కింద, రిబేటుతో పన్ను సున్నా. తల్లినని ఆశపడి వెళ్తే కూతురిగా డబ్బులొచ్చాయి!

ఇంకో మాట, పాత రెజీమ్ కావాలంటే గడువులోపే రిటర్ను వెయ్యాలి, దాటితే మన జీతగాళ్ళకి కొత్తదే గతి. 2025-26కి అయితే కొత్తదాంట్లోనే 12,75,000 జీతం దాకా పన్ను లేదు కాబట్టి నాకు ఈ తంటా తప్పినట్టే.

ఫీజు 700, మేడం చేసిన పనికి తక్కువే. ఆ ఫ్లెక్సీ తీసెయ్యండి, జనం మోసపోతున్నారంటే కుర్రాడు "అది ఫ్లెక్సీ షాపోడు వేసిందండి" అన్నాడు. అందుకే 5కి 3. వెళ్తే మధ్యాహ్నం మూడు దాటాక వెళ్ళండి, మేడం అప్పుడే ఉంటారు, రసీదులు ఆవిడ చేతికే ఇవ్వండి.