ఇంటి ముందు, పార్కింగ్‌లో తారు మేలా, సిమెంట్ మేలా? ముందు చదరపు మీటర్లు చూడండి

గేటు నుంచి ఇంటిదాకా, లేదా ఆఫీసు పార్కింగ్‌కి ఏది వేయించాలని అడిగేవాళ్ల ప్రశ్నలు ఎప్పుడూ మూడే: ఏది ఎక్కువకాలం వస్తుంది, ఏది చవక, ఏది తొందరగా అయిపోతుంది? మూడూ అడగాల్సినవే. కానీ వాటికన్నా ముందు తేల్చుకోవాల్సింది జాగా ఎంత అన్నది. అరవై చదరపు మీటర్లకు బాగుండేది వెయ్యి చదరపు మీటర్లకు బాగుండదు. తిప్పి చెప్పినా అంతే. దీనికంతటికీ మూలం తారు వేడి.

ప్లాంటులో కంకర, తారు కలిసేది సుమారు 150 నుంచి 165 డిగ్రీల సెల్సియస్ వేడిలో. సైటుకి వచ్చేసరికి 140కి అటూ ఇటూ ఉండాలి. రోలింగ్ మొత్తం 90కి పడిపోయేలోపు ముగియాలి. ఆ తర్వాత తారు బిగుసుకుపోయి రాళ్లను కదలనివ్వదు. రోలర్ ఎన్నిసార్లు తిప్పినా పైన నున్నబడుతుందే తప్ప లోపలి ఖాళీలు తగ్గవు. పొర ఆయుష్షు ఆ ఖాళీల మీదే ఉంది. అవి 7 శాతం లోపు ఉంటే నీళ్లు దిగడానికి దారి ఉండదు. 8 దాటాయంటే ఒకదానికొకటి కలిసిపోయి పొర లోపల సన్నటి కాలువల్లా తయారవుతాయి. నీళ్లూ గాలీ లోపలికి వెళ్లేకొద్దీ తారు పెళుసెక్కి రాయిని వదిలేస్తుంది. ముందు సన్న కంకర లేచిపోతుంది, తర్వాత గుంట పడుతుంది. 7 దాటాక పెరిగే ఒక్కో శాతానికి ఆయుష్షులో సుమారు పదోవంతు పోతుందని ఈ పనిలో ఉన్నవాళ్లు లెక్క వేసుకుంటారు.

మరి రోలర్‌కి దొరికే సమయం ఎంత? అది పొర మందాన్ని బట్టి, గాలిని బట్టి, కింది కంకర బేస్ ఎంత చల్లగా ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. యాభై మిల్లీమీటర్ల పొర అయితే మామూలు వాతావరణంలో పావుగంట, ఇరవై నిమిషాలు ఉంటుంది. పొర ఇరవై అయిదు మిల్లీమీటర్లే అయితే ఆ సమయం సగానికి కాదు, సగానికన్నా బాగా తక్కువకి పడిపోతుంది. డబ్బు మిగులుతుందని పొర పలచన చేయించడం అందుకే నష్టం. పొర మందం మిక్స్‌లోని పెద్ద రాయికి కనీసం మూడు రెట్లు ఉండాలి. 13 మిల్లీమీటర్ల కంకర మిక్స్ తెచ్చి పాతిక మిల్లీమీటర్లు పరిస్తే రాళ్లు రోలర్ కింద ఒకదాని మీద ఒకటి ఆని పగులుతాయి, సర్దుకోవు.

ఇప్పుడు ఇంటి ముందు జాగా లెక్క చూడండి. అరవై చదరపు మీటర్లు, యాభై మిల్లీమీటర్ల మందం అంటే మూడు ఘనపు మీటర్లు, దాదాపు ఏడు టన్నులు. గేటు లోపలికి మిక్స్‌ని సమంగా పరిచే పేవర్ మెషిన్ రాదు. టిప్పర్ బయట గుట్ట పోస్తే పారలతో ఎత్తి, తట్టల్లో మోసి, పళ్లున్న రేక్‌తో సర్దాలి. గుట్ట మొదటి సగం పరిచేలోపు రెండో సగం అంచులు పెంకుకట్టేస్తాయి. గోడ పక్కన, మెట్ల దగ్గర, గేటు పట్టాల వెంబడి రోలర్ ఆనదు, చేత్తో నడిపే ప్లేట్ వైబ్రేటరే దిక్కు. రెండేళ్లలో మొదట చెడేది ఆ అంచులే. పనివాళ్లు ఎంత నేర్పరులైనా చల్లారే మిక్స్‌ని ఆపలేరు. కాబట్టి చిన్న జాగాకి నా మొగ్గు సిమెంట్ కాంక్రీట్ వైపే. పోసిన కాంక్రీట్ చేతిపనికి గంటకు పైగా ఆగుతుంది, దాన్ని దట్టించే సూది వైబ్రేటర్ మూలల్లోకి కూడా వెళ్తుంది.

కాకపోతే కాంక్రీట్‌ని పాడుచేయడానికీ దారులున్నాయి. కార్లకు వంద మిల్లీమీటర్లు చాలు, బరువు బళ్లు వచ్చేచోట నూట యాభై కావాలి. పగులు ఎక్కడపడితే అక్కడ రాకుండా పలకలో కోసే జాయింట్ల మధ్య దూరం మందానికి పాతిక, ముప్పై రెట్లు మించకూడదు. అంటే వంద మిల్లీమీటర్ల పలకకి మూడు మీటర్ల లోపు. కోత లోతు మందంలో కనీసం నాలుగో వంతు. పోసిన మర్నాడు తీరిగ్గా కోద్దామనుకుంటే అప్పటికే పగులు తనకు నచ్చిన చోట వచ్చేస్తుంది. వాతావరణాన్ని బట్టి ఆరు నుంచి పద్దెనిమిది గంటల్లో, అంచు రాళ్లు ఊడకుండా కోత పడేంత గట్టిపడగానే కోసేయాలి. కడ్డీల జాలీ నేలమీద పడుకుని ఉంటే వేసినా వేయనట్టే, కవర్ బ్లాకుల (చిన్న సిమెంట్ దిమ్మెల) మీద ఎత్తి పై సగంలో ఉంచాలి. అయినా అది పగుళ్లను ఆపదు, వచ్చినవి విచ్చుకోకుండా పట్టుకుంటుంది, అంతే. అన్నిటికన్నా పెద్ద ద్రోహం పరచడం సులువవుతుందని సైటులో నీళ్లు కలపడం. పై పొర బలహీనమై ఏడాది తిరక్కుండానే దుమ్ము లేస్తుంది. ఏడు రోజులు తడి ఆరకుండా క్యూరింగ్ చేసేదాకా కారు ఎక్కించకండి.

పార్కింగ్ వెయ్యి చదరపు మీటర్లయితే మాట మారిపోతుంది. పేవర్ మెషిన్ తిన్నగా నడుస్తుంది, వెనకే ఎనిమిది, పది టన్నుల రోలర్, దాని వెనక టైర్ల రోలర్. వేడి ఉండగానే పని ముగుస్తుంది, మర్నాడు బళ్లు తిరగొచ్చు. అదే కాంక్రీట్ అయితే వందకు పైగా పలకలు, వాటి మధ్య జాయింట్లు, ఆ జాయింట్లలో కొన్నేళ్లకోసారి నీళ్లు దిగకుండా నింపే సీలెంట్. ఇంకో పెద్ద తేడా మరమ్మతులో ఉంది. తారు పాతబడితే పై నలభై మిల్లీమీటర్లు గీకేసి కొత్త పొర వేసుకోవచ్చు, గీకిన తారు మళ్లీ మిక్స్‌లోకి పోతుంది. కాంక్రీట్ పలక కుంగితే పగలగొట్టి పోయాల్సిందే, కొత్త ముక్క రంగు పాతదానితో ఎప్పటికీ కలవదు. పెద్ద పార్కింగ్‌లకి, లోపలి రోడ్లకి నేను తారే వేయమంటాను.

అయితే పార్కింగ్ మొత్తానికీ ఒకే పదార్థం వాడాలని లేదు. సామాన్ల లారీలు ఆగేచోట, చెత్త డబ్బాలు పెట్టేచోట, మోటార్‌సైకిళ్ల వరుసల్లో కాంక్రీట్ పోయండి. నడిచే బరువుని తారు బాగానే మోస్తుంది, గంటలకొద్దీ నిలబడే బరువుకే లొంగుతుంది. ఎండకి మెత్తబడ్డ తారులో సైడ్ స్టాండ్ గుచ్చుకుని బండి పడిపోవడం అందుకే. బండి కదలకుండా స్టీరింగ్ తిప్పితే కొత్త తారు చిరిగినట్టు లేస్తుంది, మొదటి కొన్ని వారాలు జాగ్రత్త. డీజిల్, పెట్రోల్, ఇంజిన్ ఆయిల్ తారుని కరిగిస్తాయి. కాంక్రీట్ మీద మరక మాత్రమే మిగులుతుంది.

ఇక పేవర్ బ్లాకులు, అంటే పక్కపక్కన పేర్చే సిమెంట్ ఇటుకలు: కార్లకు 80 మిల్లీమీటర్ల మందమున్నవి, హెరింగ్‌బోన్ వరుసలో (ఒకదానికొకటి అడ్డంగా, చేప ముల్లులా), చుట్టూ గట్టి కర్బ్‌తో (అంచు కట్టడంతో). కింద పైపులు తవ్వాల్సిన అవసరం తరచూ వచ్చేచోట వీటికి పోటీ లేదు. కంకర పరిచి వదిలేయడం తాత్కాలికం. వేడి చేయకుండా వాడే కోల్డ్ మిక్స్ తారు సంచులు గుంటలు పూడ్చడానికే, జాగా మొత్తానికి వాడకండి.

ఏది వేసినా కింద 150 మిల్లీమీటర్ల కంకర బేస్ తడిపి, దట్టించి ఉండాలి. బేస్ సిద్ధమని చెప్పగానే నిండు టిప్పర్‌ని దాని మీద మెల్లగా నడిపించి, చక్రం కింద నేల అణిగి లేస్తున్న చోటల్లా తవ్వి మార్పించండి. వాలు మీటరుకి ఇరవై మిల్లీమీటర్లు. తారు పొర అంచు కన్నా బేస్ ఓ జానెడు బయటికి ఉండాలి, లేకపోతే అంచు వేలాడి విరుగుతుంది. పాత తారు మీద కొత్త పొర వేస్తుంటే మధ్యలో అతకడానికి చల్లే ఎమల్షన్ (నీళ్లలో కలిపిన తారు) గోధుమరంగు నుంచి నలుపుకి తిరిగాకే మిక్స్ పోయనివ్వండి. గోధుమరంగులో ఉందంటే నీళ్లు ఇంకా విడిపోలేదని. అప్పుడే పోస్తే పై పొర కింది దాన్ని పట్టుకోక జారుతుంది.

ఒప్పందంలో "రెండు అంగుళాలు" అని రాస్తే అది రోలింగ్‌కి ముందా, తర్వాతా అన్నది రాయించుకోండి. యాభై మిల్లీమీటర్లు మిగలాలంటే వదులుగా అరవై పైనే పరచాలి, ఈ పదీ పన్నెండు మిల్లీమీటర్లే వివాదానికి మూలం. పని రోజున ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ చేతిలో ఉంచుకోండి. టిప్పర్‌లో గుట్ట పైభాగానికి గురిపెడితే అది పెంకు వేడే చూపిస్తుంది. పారతో ఒక జానెడు లోతు తవ్వించి, ఆ గుంటలోకి వెంటనే గురిపెట్టండి. అక్కడ కూడా 120 కన్నా తక్కువ చూపిస్తే ఆ లోడు వెనక్కి పంపేయండి.