వెనీర్ తలుపుల మరమ్మతు: నాలుగేళ్లు వాడాక ఏది నిలిచింది, ఏది ఊడింది

మా ఇంటి లోపలి తలుపులు ఐదూ టేకు వెనీర్, అంటే కాగితంలాంటి పల్చటి టేకు పొర, అంటించిన ఫ్లష్ డోర్లే (చెక్కడాలు, పలకలు లేని చదును తలుపులు). నాలుగేళ్ల కిందట వాటిని బాగుచేయడం మొదలుపెట్టినప్పుడు ఒక్కోదానికి ఒక్కో జబ్బు. స్నానాల గది తలుపు అడుగున నీళ్లు తాగి పెచ్చులు లేచింది. పడకగది తలుపుకు బీరువా మూల తగిలి అరచేతిలో సగమంత మేర వెనీర్ చిట్లిపోయింది. ఇంకోదాని నడుమ పొక్కు లేచింది, వేలితో కొడితే డొల్లగా మోగేది. మిగతా రెండింటికీ గీసుకుపోయిన గీతలు, అంచుల్లో చిన్న చిన్న పెచ్చులు. జిగురు, గీతల్లో నింపే మైనం కడ్డీ, రెండు భాగాలు కలిపి వాడే పుట్టీ, కొత్త వెనీర్ ముక్క అన్నీ వాడి చూశాను. పని ముగిసిన మర్నాడు అన్నీ బాగానే కనిపించాయి. ఆ రోజే రాసి ఉంటే అన్నింటినీ మెచ్చుకునేవాణ్ణి.

అన్నింటికంటే బాగా నిలిచింది మామూలు తెల్ల జిగురు. పొక్కు మీద మొదట ఇస్త్రీ పెట్టె ప్రయోగం చేశాను. తడిగుడ్డ పరిచి, వేడిగా అదిమితే చక్కగా అణిగింది. వారం తిరక్కుండా మళ్లీ లేచింది. కారణం తర్వాత తెలిసింది. తెల్ల జిగురు వేడికి మెత్తబడి మళ్లీ పట్టుకుంటుంది గానీ, తలుపుల తయారీలో ఎక్కువగా వాడే యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు ఒకసారి గట్టిపడ్డాక వేడికి కరగదు. అప్పుడు పదునైన బ్లేడుతో చెక్క గీత (చెక్కలో సహజంగా ఉండే నార చార) వెంటే సన్నగా కోసి, సిరంజితో జిగురు లోపలికి ఎక్కించి, వేలితో అటూ ఇటూ నెట్టి, పైకి ఉబికింది తడిగుడ్డతో తుడిచాను. తలుపు నడిమికి క్లాంపు అందదు. కాబట్టి బందులు ఊడదీసి పడుకోబెట్టి, ప్లాస్టిక్ కాగితం, దాని మీద చదునైన చెక్క, దాని మీద బరువు పెట్టి ఒక రోజంతా వదిలేశాను. ఆ కోత ఎక్కడుందో ఇప్పుడు నేనే వెతుక్కోవాలి.

అంచుల్లో పెచ్చుల సంగతీ అంతే. ఊడిన ముక్క దొరికితే దాన్ని మించిన సామగ్రి ఇంకోటి లేదు. చెక్క గీత గీతకు సరిపోతుంది, రంగు వెతకక్కర్లేదు. పాత జిగురు పొట్టు గీకేసి, ముక్కను అంటించి మాస్కింగ్ టేపుతో బిగించాను. అలా పెట్టిన ఏడింటిలో ఒక్కటీ కదల్లేదు. పెచ్చు ఊడిన వెంటనే ముక్కలు ఏరి ఒక కవర్లో వేసి తలుపుకే అంటించి ఉంచండి. నాలుగు ముక్కలు చీపురుకు పోయాయన్న బాధ నాకు ఇంకా ఉంది.

మైనం కడ్డీ గీసుకుపోయిన గీతలకు మంచిదే, అయితే చెయ్యి తగలని చోటే. హ్యాండిల్ దగ్గర నింపిన మెత్తని మైనం ఏడాదిలో సగం అరిగి, మిగతాది మురికి పట్టి నల్లబడింది. పైగా మైనం ఉన్నచోట పాలిష్ పట్టదు. ముందు పాలిష్, చివర మైనం. ఆ వరుస తప్పితే మైనమంతా గీకి తుడిచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

పుట్టీ గట్టిదనానికి వంక పెట్టను, రాయిలా ఉంది. చిక్కు రంగుతోనే. టేకు వెలుతురుకు మెల్లగా బంగారు గోధుమ రంగుకు తిరుగుతుంది. పుట్టీ మాత్రం కలిపిన రోజు రంగు దగ్గరే ఆగిపోతుంది. సన్న కుంచెతో చెక్క గీతలు కూడా దిద్దాను. ఏడాది తర్వాత చూస్తే అతుకు స్పష్టంగా కనబడింది. అడుగు మూలల్లో, కంటికి దూరంగా ఉన్నచోట అయితే పుట్టీయే వాడతాను.

బీరువా తగిలిన చోట వెనీర్ ముక్క వేశాను. ఎక్కువ రోజులు పట్టిన పని ఇదే, నాకు బాగా తృప్తినిచ్చిందీ ఇదే. చతురస్రంగా కోస్తే గీతకు అడ్డంగా వచ్చే రెండు అంచులూ కంటికి కొడతాయి. అందుకే పడవ ఆకారంలో, రెండు కొసలూ గీత దిశలో సన్నగా ముగిసేలా కోశాను. కొత్త ముక్కను దెబ్బ మీద టేపుతో నిలిపి, పైదీ కిందదీ ఒకేసారి కోస్తే సందు లేకుండా కూర్చుంటుంది. అంటించే ముందు ముక్కను అటుదిటు తిప్పి చూడండి. గీత కలిసినా, వెలుగు పడే తీరు మారి ఒకవైపు నుంచి ముదురుగా కనిపించవచ్చు. రంగేమీ వేయలేదు, పాలిష్ ఒక్కటే వేశాను. మొదట్లో తేడా తెలిసేది, ఏడాదికి కలిసిపోయింది.

శాండ్ పేపర్ దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. మా తలుపుల వెనీర్ మందం అర మిల్లీమీటరు. 240 నంబరు కాగితాన్ని చెక్కదిమ్మకు చుట్టి, గీత వెంటే నాలుగు రుద్దులు చాలు. ఒక తలుపు అంచున చేత్తో రుద్దుతూ పోయి కింది పొర బయటపెట్టేశాను. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

ఇక స్నానాల గది తలుపు. పైపైన ఎంతో శ్రద్ధగా చేసిన పని ఏడాదిలోపే మళ్లీ లేచింది. బందులు విప్పి తలకిందులు చేసి చూస్తే, అడుగు అంచుకు పాలిష్ చుక్క కూడా తగిలిన గుర్తు లేదు. తలుపు నిలబెట్టాక ఆ అంచు ఎవరికీ కనిపించదు, నీళ్లు తాగేది మాత్రం అక్కడి నుంచే. రెండు వారాలు ఆరబెట్టాను. లేచిన చోట్ల ఎపాక్సీ జిగురు పెట్టి, అడుగు అంచుకు పాలియురేథేన్ వార్నిష్ మూడు పూతలు వేశాను. పై అంచుకూ, బందులు కూర్చునే గాడులకూ కూడా వేశాను. మూడేళ్లయింది, ఒక్క పెచ్చూ లేవలేదు. మిగతా నాలుగింటికీ అదే చేశాను. అయితే మీ తలుపు అడుగున స్క్రూడ్రైవర్ గుచ్చితే మెత్తగా దిగిపోతుంటే లోపలి చెక్కే పోయినట్టు. ఆ భాగం కోసి కొత్త చెక్క వేయించాలి, లేదా తలుపే మార్చాలి. దాని మీద వెనీర్ పని పెట్టుకోకండి.