కటానా కొంటున్నారా? పిడి విప్పి చూపించనిదే డబ్బు కట్టకండి

జపాన్ కత్తి కొనాలనుకునే వాళ్లందరికీ హెచ్చరిక. "హ్యాండ్ ఫోర్జ్‌డ్, తమహగానె ఉక్కు, వెయ్యి మడతలు, క్లే టెంపర్డ్, ఫుల్ టాంగ్" అని రాసి దాదాపు నలభై వేల రూపాయలకు ఆన్‌లైన్‌లో అమ్మిన ఒక కటానాను పూర్తిగా విప్పి చూడటం జరిగింది. తమహగానె అంటే ఇనుప ఇసుకను బొగ్గుతో కాల్చి తీసే జపాన్ సంప్రదాయ ఉక్కు. ఆ ఐదు మాటల్లో నాలుగు అబద్ధమని తేలింది. ఐదోది, అంటే సుత్తితో సాగగొట్టారా లేదా అన్నది, తేల్చడానికి ఆధారమే దొరకలేదు. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. అవే ఫొటోలు, అవే మాటలు పది రకాల పేర్లతో తిరుగుతున్నాయి కాబట్టి ఒక్క పేరు గుర్తుపెట్టుకున్నందువల్ల ఉపయోగం ఉండదు. ఏం చూడాలో తెలుసుకుంటే ఉంటుంది.

ముందుగా ప్రాణం మీదికొచ్చే సంగతి. కత్తి పలక పిడి లోపలికి దిగే భాగాన్ని జపాన్‌లో నకాగో అంటారు, ఇంగ్లిష్‌లో టాంగ్. సరైన కటానాకు నకాగో సుమారు 20 సెంటీమీటర్లు ఉంటుంది. పిడి పొడవులో ముప్పావు వంతుకు తక్కువ కాకుండా లోపలికి వెళ్తుంది. వెడల్పులో పలకకు కొనసాగింపుగా ఉండి, చివరికి నెమ్మదిగా సన్నబడుతుంది. విప్పిన కత్తిలో అది 11 సెంటీమీటర్లే. పలక నకాగోగా మారే చోట, వాదర వైపు, గ్రైండర్‌తో లంబకోణంలో కోసిన పదునైన మూల ఉంది. కత్తిని చేత పట్టి విసిరినప్పుడు పడే ఒత్తిడంతా వచ్చి చేరేది అలాంటి మూలలోనే. పగులు అక్కడ మొదలవుతుంది, బయటికి కనిపించదు. ఒకరోజు పిడి చేతిలోనే ఉండి, పలక ఎగిరిపోతుంది. 70 సెంటీమీటర్ల పలక గదిలో ఎవరి మీదికి ఎగురుతుందో చెప్పలేం.

పిడిలోని చెక్క మరీ ఘోరం. అసలు పద్ధతిలో హోనొకి అనే మెత్తని చెక్కను రెండు దళాలుగా చీల్చి, నకాగో ఆకారానికి బిగుతుగా సరిపోయేలా లోపల తొలుస్తారు. ఇందులో గాడి వదులుగా తొలిచి, సందుల్లో అట్టముక్కలు కుక్కి, జిగురు పోశారు. పలకను పిడిలో నిలిపేది మెకుగి అనే వెదురు చీల ఒక్కటే. నిండు ముదురు వెదురుతో, నారలు పొడవునా తెగకుండా ఉండేలా చెక్కాలి. ఇక్కడ ఉన్నది పుల్ల ఐస్‌క్రీమ్ పుల్లలాంటి మెత్తని కర్ర. చీల రంధ్రం దగ్గర పిడి చెక్క అప్పటికే నిలువునా చీలి ఉంది. పైన చుట్టిన తాడు ఆ చీలికను కప్పేసింది.

స్టెయిన్‌లెస్ స్టీల్ కత్తుల సంగతి ఇంకో మెట్టు కింద. వాటిలో చాలావాటికి నకాగోయే ఉండదు. పలక చివర పెన్సిల్ మందం ఇనుప కడ్డీ వెల్డింగ్ చేసి, చివర మర కోసి నట్టు బిగిస్తారు. "420", "440" అన్న అంకెలు కనిపిస్తే అది గోడకు తగిలించుకునే వస్తువు. అలా చెప్పి అమ్మితే తప్పు లేదు. "కోయడానికి సిద్ధం" అని అమ్మితే మోసం.

పలక మీద కనిపించే తెల్లటి అలల గీతను హమోన్ అంటారు. అమ్మకాల ఫొటోలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి కాబట్టి అది ఎలా పుడుతుందో తెలియాలి. బంకమట్టి, బొగ్గుపొడి, సానరాతి పొడి కలిపిన పూతను వాదర మీద పల్చగా, వెన్ను మీద మందంగా పూస్తారు. ఆరాక పలకను 750 నుంచి 800 డిగ్రీల దాకా కాల్చి నీళ్లలో ముంచుతారు. పల్చటి పూత ఉన్న వాదర క్షణంలో చల్లబడి మార్టెన్‌సైట్ అనే గట్టి రూపానికి మారుతుంది. మందపు పూత కింద వెన్ను నెమ్మదిగా చల్లబడి మెత్తగా, సాగే గుణంతో మిగులుతుంది. ఈ రెండిటి సరిహద్దే హమోన్. "క్లే టెంపర్డ్" అంటే ఈ పనే. మార్టెన్‌సైట్‌గా మారినప్పుడు ఉక్కు ఉబ్బుతుంది, వాదర పొడవు పెరిగి పలక వెనక్కి వంగుతుంది. కటానా వంపులో చాలావరకు ఇలా నీళ్లలో ముంచినప్పుడే వస్తుంది. అదే క్షణంలో వాదర పగిలిపోవచ్చు కూడా. వాదరకు అడ్డంగా వెంట్రుకలా కనిపించే ఆ పగులును హగిరె అంటారు. దానికి మరమ్మతు లేదు. ఎంత అందమైన కత్తయినా హగిరె ఉంటే దాన్ని విసరకూడదు.

నకిలీ హమోన్‌కు ఇదంతా అక్కర్లేదు. స్టిక్కరు అతికించి ఆమ్లం పూస్తారు, లేదా వైరు బ్రష్షుతో, ఇసుక చిమ్మే యంత్రంతో అంచును తెల్లబరుస్తారు. గుర్తుపట్టడం కష్టం కాదు. పలకను ఒక దీపం వైపు పట్టుకుని మెల్లగా తిప్పాలి. నిజమైన హమోన్ సరిహద్దులో పొగమంచులాంటి మెరుపు, అక్కడక్కడ ఇసుక రేణువుల్లాంటి చుక్కలు వెలుగు కోణాన్ని బట్టి వెలిగి ఆరతాయి. సన్నటి వాటిని నియోయి, విడివిడిగా కంటికి ఆనేవాటిని నియె అంటారు. ఆమ్లంతో గీసినది ఏ కోణంలో చూసినా సున్నం వేసినట్టు ఒకేలా తెల్లగా ఉంటుంది. అల ప్రతి రెండంగుళాలకూ అచ్చు గుద్దినట్టు తిరిగి వస్తుంది. విప్పిన కత్తిలో పిడికి దగ్గరగా, గోరంత మేర, లోహాన్ని మెరిపించే పేస్టుతో రుద్దితే పది నిమిషాల్లో గీత మాయమైంది. సన్నటి ఆకురాయి ఆనిస్తే అంచు మీదా, వెన్ను మీదా ఒకేలా పట్టింది. అంచు నిజంగా గట్టిపడి ఉంటే ఆకురాయి పట్టకుండా జారాలి. ఈ రుద్దుడు, ఆకురాయి పరీక్షలు కొత్త నకళ్ల మీదే చేయాలి. పాత జపాన్ కత్తి అయ్యే అవకాశం రవ్వంత ఉన్నా పలకను ముట్టుకోవద్దు.

"వెయ్యి మడతలు" అన్న మాట దగ్గరే ప్రకటన మూసేయొచ్చు. ఉక్కును కాల్చి, మధ్యలో ఉలితో గాటు పెట్టి, మడిచి, మళ్లీ అతికేలా కొడితే పొరలు రెట్టింపవుతాయి. 10 మడతలకు 1,024 పొరలు, 15 మడతలకు 32,768. సాధారణంగా కమ్మరులు 10 నుంచి 15 మధ్య ఆపేస్తారు. ఎందుకంటే కొలిమిలో పెట్టిన ప్రతిసారీ కొంత కార్బన్ కాలిపోతుంది, కొంత ఉక్కు పొలుసులుగా రాలిపోతుంది. మొదలుపెట్టిన ఉక్కులో సగానికి పైగా అలానే పోతుంది. 1 నుంచి 1.5 శాతం కార్బన్‌తో మొదలైన ఉక్కు చివరికి 0.6, 0.7 శాతం దగ్గర ఉండాలి. అంతకు మించి మడిచి కార్బన్ పోగొట్టుకుంటే నీళ్లలో ముంచినా వాదర గట్టిపడదు.

మడతల పని కూడా అలంకారం కోసం పుట్టలేదు. తమహగానె ముద్దలో కార్బన్ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా ఉంటుంది, మధ్యలో చిట్టెం ఉంటుంది. కాబట్టి దాన్ని ముందు సుమారు 5 మిల్లీమీటర్ల పలకలుగా సాగగొట్టి, నీళ్లలో ముంచి, ముక్కలు చేస్తారు. తేలిగ్గా విరిగేది గట్టి ఉక్కు, వంగేది మెత్తనిది. వాటిని వేరుచేసి, ముక్కలను పేర్చి, తడి కాగితం చుట్టి, బురద పోసి, వరిగడ్డి బూడిదలో దొర్లించి కొలిమిలో పెడతారు. బురదా, బూడిదా గాలి తగలకుండా కాపాడతాయి. మడిచి కొట్టే కొద్దీ చిట్టెం పిండినట్టు బయటికి వస్తుంది, కార్బన్ సమంగా పరుచుకుంటుంది. ఇప్పటి ఫ్యాక్టరీ ఉక్కు అలా సమంగానే వస్తుంది. దాన్ని మడవడం వల్ల బలం పెరగదు. సరిగ్గా అతకని చోట్లు మాత్రం మిగులుతాయి. పై కత్తి వెన్ను మీద అలాంటి సందు ఒకటి గోటికి తగిలింది. దాని చుట్టూ నల్లగా, కొట్టొచ్చినట్టు కనిపించే కర్ర చారలు ఆమ్లంలో ముంచి తెప్పించినవి. నిజమైన పొరల చార, హద అంటారు, సానపట్టిన పలకలో దగ్గరగా చూస్తేగానీ కనిపించనంత సన్నగా ఉంటుంది.

ఇలాంటి చారల ఉక్కుకు "డమాస్కస్" అని పేరు పెట్టడం మన ప్రాంతం వాళ్లకు మరీ కోపం తెప్పించాలి. అసలు డమాస్కస్ కత్తుల ఉక్కు మూసల్లో కరిగించిన దిమ్మ. నేటి నిజామాబాద్ జిల్లా కోనసముద్రం నుంచి పర్షియా దాకా వెళ్లింది ఆ ఉక్కే. అందులో చార దిమ్మ చల్లబడేటప్పుడు లోపల ఏర్పడింది, రెండు రకాల రేకులు అతికించి చేసింది కాదు.

తమహగానె విషయం ఇంకా సూటిగా చెప్పొచ్చు. షిమానె ప్రాంతంలోని ఒకుఇజుమొలో నిత్తోహో తతారా అనే మట్టి బట్టీని 1977 నుంచి జపాన్ కళాఖడ్గాల పరిరక్షణ సంఘం నడుపుతోంది. చలికాలంలో, ఒక్కో విడతకు మూడు పగళ్లూ మూడు రాత్రులూ ఆపకుండా, దాదాపు 10 టన్నుల ఇనుప ఇసుక, 12 టన్నుల బొగ్గు పోస్తే సుమారు రెండున్నర టన్నుల ముద్ద వస్తుంది. అందులో మేలైన తమహగానె ఒక టన్నుకు లోపే. అది వెళ్లేది జపాన్ ప్రభుత్వ లైసెన్సు ఉన్న కమ్మరులకు. ఆ కమ్మరి నెలకు రెండు పెద్ద కత్తులకు మించి చేయడానికి చట్టం ఒప్పుకోదు. తర్వాత సానపట్టేవారు, ఒర చేసేవారు, పలక మొదట్లో తొడిగే హబాకి అనే రాగి పట్టీ చేసేవారు అందరూ వేరువేరు మనుషులు. ఇంతమంది చేతులు పడిన వస్తువు నలభై వేలకు, అదీ కొరియర్ ఖర్చుతో సహా, రావడం జరగని పని.

మార్కెట్లో దొరికే నకళ్లలో ఎక్కువ భాగం చైనాలో జెజియాంగ్ రాష్ట్రపు లాంగ్‌చువాన్ ఊరివి. అక్కడివన్నీ మోసమని అనడం అన్యాయం. "1060 ఉక్కు, అంతటా ఒకేలా గట్టిపరిచాం, హమోన్ లేదు" అని ఉన్నది ఉన్నట్టు రాసి మంచి సాధన కత్తి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఉక్కు పేర్లు చదవడం వస్తే చాలు. 1045, 1060, 1095 లలో చివరి రెండంకెలు కార్బన్: 0.45, 0.60, 0.95 శాతం. 1045 అంచు త్వరగా మొద్దుబారుతుంది. 9260 లో సుమారు 2 శాతం సిలికాన్ ఉంటుంది, స్ప్రింగు గుణం. దానికి స్పష్టమైన హమోన్ తెప్పించడం కష్టం కాబట్టి 9260 మీద ధగధగలాడే అలలు చూపిస్తే అనుమానించండి. "టీ10 టంగ్‌స్టన్ ఉక్కు" అని కనిపిస్తే అమ్మేవాళ్లకు తమ సరుకే తెలియదని అర్థం. ఆ టీ చైనా భాషలో కార్బన్ అనే మాటకు గుర్తు, 10 అంటే సుమారు ఒక శాతం.

"పాత సమురాయ్ కత్తి" అని అమ్మేవాటి దగ్గర ఉచ్చు వేరే రకం. అసలు పాత నకాగో మీద తుప్పు ముదురు గోధుమ, నలుపు కలిసి నున్నగా, తోలులా ఉంటుంది. దాన్ని ఎవరూ తోమరు. ఆమ్లంతో పెంచిన తుప్పు నారింజ రంగులో, వేలికి అంటుతూ ఉంటుంది. కమ్మరి సంతకం ఉలితో చిన్న చిన్న దెబ్బలుగా వేస్తారు కాబట్టి గీత అంచుల్లో లోహం కొంచెం లేచి ఉంటుంది. యంత్రంతో చెక్కిన గీత అడుగు సమంగా, అంచులు శుభ్రంగా ఉంటాయి. మసమునె, మురమస, కొతెత్సు లాంటి పేరుమోసిన కమ్మరుల పేర్లు కనిపిస్తే వెనకడుగు వేయండి. ఈ పేర్లతో దొంగ సంతకాలు వందల ఏళ్లుగా ఉన్నాయి. పైన చెప్పిన పరిరక్షణ సంఘం 1982 కి ముందు జారీ చేసిన తెల్ల, ఆకుపచ్చ ధ్రువీకరణ కాగితాలను నమ్మి ధర కట్టొద్దు.

జపాన్‌లో సంప్రదాయ కత్తికి ప్రాంతీయ విద్యామండలి ఇచ్చే నమోదు కార్డు ఉంటుంది. కత్తి దేశం దాటేముందు సాంస్కృతిక వ్యవహారాల శాఖ నుంచి ఎగుమతి పత్రం తీసుకుని, ఆ కార్డు వెనక్కి ఇచ్చేయాలి. "అసలు నమోదు కార్డుతో సహా మీ ఇంటికి పంపిస్తాం" అన్నవాళ్లు ఒకటి రూలు తప్పుతున్నారు, లేదా కార్డే దొంగది. ఇక ఇక్కడ, 1959 నాటి ఆయుధ చట్టం పరిధిలో కత్తులు కూడా ఉన్నాయి, దిగుమతికి లైసెన్సు కావాలి. "డెకరేషన్ ఐటమ్" అని పార్సిల్ మీద రాసినంత మాత్రాన కస్టమ్స్ వదలదు. సరుకు ఆపేస్తే చిక్కుల్లో పడేది చిరునామా ఉన్న మీరే, అమ్మినవాళ్లు కారు. ఆర్డర్ పెట్టకముందే కస్టమ్స్ వాళ్లనీ, స్థానిక పోలీసు లైసెన్సింగ్ విభాగాన్నీ అడగండి.

డబ్బు కట్టేముందు ఇవి అడగండి: పిడి తీసేసిన నకాగో ఫొటో, పక్కన స్కేలు పెట్టి. పలక మందం హబాకి దగ్గర ఎంత, మొన దగ్గర ఎంత (హబాకి దగ్గర 6.5 నుంచి 7.5 మిల్లీమీటర్లు ఉండి మొనకు వెళ్లేసరికి తగ్గాలి, అంతటా ఒకటే అయితే ఫ్యాక్టరీ ఉక్కు పట్టీ నుంచి అలాగే కోసేశారని అర్థం). ఒకే దీపం కింద పలకను తిప్పుతూ తీసిన వీడియో. మీకు పంపబోయే కత్తివే కావాలి, "శాంపిల్" ఫొటోలు వద్దు. "పిడి విప్పితే వారంటీ పోతుంది" అన్నారంటే అక్కడితో ఆపేయండి. మెకుగి ఉన్నదే విప్పడానికి. నేరుగా ఖాతాలోకి బదిలీ చేస్తే డబ్బు వెనక్కి రాబట్టడం కష్టం, కార్డు ద్వారా కడితే బ్యాంకులో వివాదం వేయొచ్చు. మన దేశంలో అమ్మినవాళ్ల మీదైతే 1915 నంబరు వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది.

ఇప్పటికే కొన్నారా? అయితే ఒక్కసారి కూడా విసరకముందే విప్పి చూడండి. చీలను సన్నగా ఉన్న వైపు నుంచి ఇత్తడి పుల్లతో తట్టి తీయండి. పిడి చివరను ఎడమచేత్తో పట్టుకుని, పలకను ఏటవాలుగా పైకి, వాదర మీకు అవతలి వైపు ఉండేలా నిలిపి, ఆ ఎడమ మణికట్టు మీద కుడి పిడికిలితో మెల్లగా కొట్టండి. నాలుగైదు దెబ్బలకు పలక వదులవుతుంది. అప్పుడు వెన్ను వైపు నుంచి హబాకిని పట్టుకుని పైకి తీయండి. ఎంతకీ కదలకపోతే లోపల జిగురు పోశారని అర్థం. బలవంతం చేయకుండా వీడియో తీసి వాపసు అడగండి. లోపల పొట్టి నకాగో, వెల్డింగ్ అతుకు, చీలిన చెక్క వీటిలో ఏది కనిపించినా దాన్ని ఒరలో పెట్టి, పిల్లలకు అందని ఎత్తులో ఉంచండి. నీళ్ల సీసాల మీద, అరటి బోదెల మీద "ఒక్కసారి చూద్దాం" అనుకోవద్దు. దసరా పూజకు పెట్టినా బొట్లు ఒర మీదే పెట్టండి. తడి పసుపు ఆరేలోపే పలక మీద తుప్పు మచ్చ పడుతుంది, తర్వాత అమ్మినవాళ్లు వాపసు ఇవ్వకుండా ఉండటానికి ఆ మచ్చనే చూపిస్తారు.